మొరం దారా, కాలువ గట్టా, పాత రైలు బాటా? హైదరాబాద్ సైక్లిస్టుకు ఒక ఎంపిక సలహా

లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర ఈసీ వచ్చి మూసీలో కలుస్తుంది. ఆదివారం పొద్దున ఐదున్నరకు మేం నలుగురం సైకిళ్లతో కలుసుకునేదీ అక్కడే. ప్రతి వారం ఒకటే ప్రశ్న: ఇవాళ ఎటు? తారు రోడ్డు మీద వేగం లెక్కలు చూసుకునే రోజులు మాకు దాటిపోయాయి. లారీ హారన్ వినపడని దారి కావాలి. పక్కన నీళ్లు కనపడాలి. చక్రం కింద మట్టి కరకరలాడాలి. దీన్నే ఇప్పుడు గ్రావెల్ సైక్లింగ్ అంటున్నారు. మన మాటలో మొరం దారి సవారీ.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మమ్మల్ని తరచూ అడిగేది ఇది: "విదేశాల్లో నది ఒడ్డు వెంట, పట్టాలు తీసేసిన రైలు దారుల మీద రోజుల తరబడి తొక్కుతారు కదా, మనకు అలాంటివి ఎక్కడున్నాయి?" హైదరాబాద్ చుట్టుపక్కల సైకిల్ బాటగా మార్చిన రైలు మార్గం లేదు. నది వెంట తెంపు లేకుండా సాగే బాటా లేదు. అయితే ఆ రెండిటి సుఖాన్నీ చాలావరకు ఇచ్చేది మన దగ్గర ఒకటుంది. అది కాలువ గట్టు. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు దారిని ఎలా చూడాలో చెప్పాలి.

## దూరం కన్నా ముందు నేల

చాలామంది మ్యాప్ తెరిచి "నలభై కిలోమీటర్లు, బాగుంది" అని బయల్దేరతారు. మట్టి దారిలో నలభై అన్నది ఏమీ చెప్పదు. ఏ నేల మీద నలభై అన్నదే అసలు సంగతి. హైదరాబాద్ కూర్చున్నది గ్రానైటు మీద. తూర్పుకూ దక్షిణానికీ, అంటే ఇబ్రహీంపట్నం, యాచారం వైపు పోతే ఆ రాయి అరిగి ఏర్పడిన ఎర్ర చెల్క నేలలు ఎక్కువ. పడమరకు చేవెళ్ల, శంకర్‌పల్లి దాటేకొద్దీ దక్కన్ బసాల్టు మొదలవుతుంది, దాని మీద నల్ల రేగడి. వికారాబాద్ కొండల మీదికి వచ్చేసరికి మళ్లీ ఎర్రగా, గట్టిగా లాటరైటు. ఒక్క ఉదయంలో ఈ మూడూ చక్రం కిందికి రావచ్చు.

చెల్క నేలలో వాన వెలిసిన కొన్ని గంటలకే నీరు ఇంకిపోతుంది, దారి గట్టిపడుతుంది. రేగడి అలా కాదు. ఒక ఆగస్టులో శంకర్‌పల్లి అవతల, రాత్రి వాన పడిందని తెలిసీ పొలం దారిలోకి దిగాం. రెండు వందల గజాలు పోయామో లేదో టైరుకు మట్టి పేరుకుని, చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు దగ్గర ఇరుక్కుని, చక్రం తిరగడమే మానేసింది. రెండు కిలోమీటర్లు సైకిల్ భుజాన వేసుకుని నడిచాం. మక్కచేను దగ్గర ఒక పెద్దాయన ఎదురై, "గిప్పుడే గీకకుండ్రి బిడ్డా, ఎండనియ్యండ్రి. ఎండితే అదే రాలిపోతది" అన్నాడు. ఆయన మాట నిజమైంది. తడి రేగడిని పుల్లతో గీకితే ఇంకా లోపలికి పోతుంది. అరగంట ఎండలో పెట్టి నేలకు తడితే పెళ్లలుగా ఊడింది. ఆ రోజు నుంచి మాకు ఒకటే నియమం: వాన పడిన రెండు రోజుల దాకా పడమర పొలం దారులు వద్దు, చెల్క వైపే.

ఇక దారి మీద పోసినదాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. మొరం పోసి ఒకటి రెండు వానలు పడి అణిగిన దారి అన్నిటికన్నా సుఖం. కొత్తగా పోసిన మొరంలో ముందు చక్రం తేలిపోతుంది. వాగు దగ్గర దుబ్బ, అంటే మెత్తని ఇసుక, ఉంటే దిగి నడవడమే. తారు వేయబోతూ పరిచి వదిలేసిన కంకర అన్నిటికన్నా చెడ్డది. అది ఎదురైతే వెనక్కి తిరగండి. నాట్ల కాలంలో కేజ్ వీల్స్ (బురద మళ్ల కోసం తొడిగే ఇనుప చక్రాలు) ట్రాక్టర్లు తిరిగిన దారి ఎండాక ఇనుప మెట్లలా తయారవుతుంది. ఎముకలు కదిలిపోతాయి.

నేల తర్వాత నాలుగు చూస్తాను. ఒకటి ఎత్తుపల్లాలు. మోకాళ్లు నొప్పులున్నవాళ్లకు ఇదే మొదటిది కావాలి. రెండు, నీడ. ఫిబ్రవరి దాటితే పొద్దున తొమ్మిదికే ఎండ చురుక్కుమంటుంది. చెట్టు లేని దారి పదికల్లా ముగిసిపోవాలి. మూడు, మధ్యలో ఆగిపోతే ఏంటి అన్నది: పక్కన ఊరుందా, బస్సు వచ్చే రోడ్డు ఎంత దూరం, రైలు ఉందా. కొత్తవాళ్లు దీన్ని చివర్లో ఆలోచిస్తారు. నేను దీన్ని ఎత్తుపల్లాల కన్నా పైన పెడతాను. ఎందుకంటే మట్టి దారిలో చైను తెగితే సాయం గంట దూరంలో ఉంటుంది. నాలుగు, కుక్కలూ వాహనాలూ. ఊరి పొలిమేర కుక్కలు ఎదురైతే వేగం పెంచకండి. దిగి, సైకిల్‌ను మీకూ వాటికీ మధ్య పెట్టుకుని నడవండి. నాలుగడుగుల్లో అవి ఆగిపోతాయి.

## రైలు బాటలు అక్కడెందుకు, ఇక్కడెందుకు కావు

పాత రైలు దారి సైకిల్‌కు అంత బాగా ఎందుకు కుదురుతుందో తెలిస్తే, దానికి బదులు ఏది వెతుక్కోవాలో తెలుస్తుంది. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారిపోతుంది కనుక రైలు నిటారు ఎక్కలేదు. అందుకే మెట్టను తొలిచీ, పల్లంలో కట్ట పోసీ దారిని దాదాపు సమంగా ఉంచుతారు. నూరు మీటర్లకు ఒకటి రెండు మీటర్లు ఎక్కడమంటే రైలుకు కష్టం. సైకిల్‌కు అది తెలియను కూడా తెలియదు.

బ్రిటన్‌లో నష్టాల లైన్లు మూసేయమన్న 1963 నాటి బీచింగ్ నివేదిక తర్వాత వేల మైళ్ల లైన్లు మూసేశారు. అమెరికాలో వాడకం ఆగిన లైన్ల భూమిని బాటలుగా కాపాడేందుకు 1983లో చట్టం తెచ్చారు. స్పెయిన్ 1993 నుంచి పాత లైన్లను 'వియాస్ వెర్దెస్' పేరుతో పచ్చని బాటలుగా మారుస్తూ వచ్చింది. మన దగ్గర కథ వేరు. నిజాం కాలంలో వేసిన మీటర్ గేజి లైన్లను, కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ వైపు పోయేదీ, సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్ వైపు పోయేదీ, వదిలేయలేదు. చాలావరకు ఆ కట్ట మీదే వెడల్పు చేసి బ్రాడ్ గేజి వేశారు. కాకినాడ–కోటిపల్లి లైను పట్టాలను రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీకేశారు, అయినా 2004లో అక్కడ మళ్లీ రైలు తిరిగింది. మనకు ఇంకా రైలు అవసరం తీరలేదు, అంతే. అందులో చింతించాల్సింది లేదు.

ఒక్క హెచ్చరిక. నడుస్తున్న పట్టాల పక్కన మట్టి బాట చదునుగా కనిపిస్తుంది, ఫోటోల్లో అందంగానూ ఉంటుంది. దాని మీద తొక్కకండి. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. అంతకన్నా ముఖ్యం, వెనక నుంచి వచ్చే ఎలక్ట్రిక్ రైలు చప్పుడు ఎదురుగాలిలో వినపడదు.

మరి రైలు కట్టలాగే కొలిచి, చదును చేసి, మైళ్ల కొద్దీ ఒకే వాలులో సాగే నేల మన దగ్గర ఏముంది? కాలువ. నీరు తనంతట తాను పారాలంటే కాలువకు వేల మీటర్లకు ఒక మీటరు వాలు చాలు. ఆ గట్టు మీద సిబ్బంది తిరిగే దారి ఉంటుంది. పక్కనే నీళ్లు, అక్కడక్కడా చెట్లు, మోటారు బండ్లు తక్కువ. సైకిలిస్టుకు రైలు బాటలో దొరికేది దాదాపు ఇదే.

## జంట జలాశయాల వెనక పొలం దారులు

1908 సెప్టెంబరు వరద హైదరాబాద్‌ను ముంచాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వాటి కట్టలు చూడ్డానికి అందరూ వెళ్తారు. నేను చెప్పేది కట్ట గురించి కాదు, జలాశయానికి వెనక, నీరు పలచబడి పొలాల్లో కలిసే చోట ఉన్న దారుల గురించి. 1996 నాటి 111 జీవో ఈ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 ఊళ్లలో పెద్ద కట్టడాలను ఆపింది. నగరానికి ఇంత దగ్గర్లో ఇంకా బండి బాటలు మిగిలాయంటే కారణం అదే.

వీటి గొప్పతనం దగ్గర కావడం. మెహదీపట్నం నుంచైనా, గచ్చిబౌలి నుంచైనా ఇంటి దగ్గరే సైకిలెక్కి మూడు గంటల్లో తిరిగి రావచ్చు. చలికాలంలో నీటి అంచున కొంగలు, బాతులు. ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కనుక పంక్చరైతే నడిచి బయటపడొచ్చు. ఎత్తుపల్లాలు కొద్దిగా ఉంటాయి కానీ ఒక్కొక్కటి చిన్నది.

లోటు రెండు. దారులు ముక్కలు ముక్కలు. ఐదు కిలోమీటర్లు హాయిగా తొక్కాక ఒక కంచె, ఒక గేటు, వెనక్కి తిరగడం. పోయినసారి ఉన్న దారి ఈసారి ఫామ్‌హౌజ్ ప్రహరీ లోపల ఉండొచ్చు. రెండోది, చిలుకూరు వైపు ఆదివారం పొద్దున భక్తుల కార్లు. బాలాజీ గుడికి ప్రదక్షిణలకు వచ్చేవాళ్లు తెల్లవారకముందే మొదలుపెడతారు. అటు పోవాలంటే సెలవు కాని పనిరోజుల్లోనే పోండి. నీరు నిండుగా ఉన్న ఏడాది ఎఫ్‌టీఎల్ (జలాశయం పూర్తిగా నిండితే నీరు చేరే హద్దు) అంచు దారులు మునిగిపోతాయి, అప్పుడు పై దారి పట్టుకోవాలి.

## మూసీ దిగువ ఒడ్డు

నది ఒడ్డు అనగానే మనసు పోయేది దీనివైపే. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఉప్పల్, పీర్జాదిగూడ దాటాక ఒడ్డున పశువులకు పెంచే గడ్డి మళ్లు, ప్రతాపసింగారం దగ్గర ఆకుకూరల మళ్లు, ఇంకా దిగువకు పిల్లాయిపల్లి కత్వ. కత్వ అంటే నదికి అడ్డంగా కట్టిన తక్కువ ఎత్తు ఆనకట్ట. అక్కణ్నుంచి చీలిన కాలువ భూదాన్ పోచంపల్లి వైపు పొలాలకు పోతుంది. ఈ కత్వల మీద నీరు జారే చోట తెల్లని నురగ పొరలు పొరలుగా లేస్తుంది. అది అందం కాదు, నగరపు మురుగు. వాసన ఉంటుంది, ముఖ్యంగా వేసవిలో.

అయినా నేను ఏడాదికి రెండుసార్లు ఇటు పోతాను. మనం వదిలిన నీళ్లు ఎవరి పొలంలోకి పోతున్నాయో సైకిల్ మీద చూసినంత స్పష్టంగా ఇంకెలాగూ కనపడదు. దారి విషయానికొస్తే, నది వెంట బాట ఒక వరుసలో లేదు. ప్రతి వాగు దగ్గరా తెగుతుంది, ఊళ్లోకి పోయి తిరిగి ఒడ్డుకు రావాలి. యూరప్ నదుల వెంట, అమెరికా కాలువల వెంట బాటలున్నది ఒకప్పుడు పడవలను ఒడ్డు నుంచి తాళ్లతో లాగారు కనుక. మూసీలో అలా పడవలు తిరగలేదు, కనుక బాట పుట్టలేదు.

అనువైన నెలలు వానలు తగ్గాక నవంబరు నుంచి జనవరి. నదిలో పారుదల ఇంకా ఉంటుంది, వాసన తక్కువ. చేతికి గాయం ఉంటే ఆ నీరు తగలనివ్వకండి. పోచంపల్లి దాకా పోతే మగ్గాల ఊళ్లు, వెనక్కి బస్సూ దొరుకుతాయి.

## మంజీరా: మహబూబ్ నహర్, ఫతే నహర్

నా ఓటు దీనికి. మెదక్ దగ్గర మంజీరా మీద ఘనపూర్ ఆనకట్ట ఉంది, నిజాం కాలపు 1905 నాటిది. దాని రెండు వైపులా రెండు కాలువలు, మహబూబ్ నహర్, ఫతే నహర్. వందేళ్లకు పైగా ఇవి చుట్టుపక్కల మండలాల వరికి నీరిస్తున్నాయి. గట్టు దారి కొన్ని చోట్ల మొరం, కొన్ని చోట్ల ఉట్టి మట్టి, ఊళ్ల దగ్గర సిమెంటు. ఎక్కడమన్నది దాదాపు లేదు. కుడివైపు నీళ్లు, ఎడమవైపు వరి, ఎదురుగా ఒక గొర్రెల మంద. ఆ మంద దాటే దాకా ఆగాలి. ఆగడం కూడా బాగుంటుంది.

ఆనకట్టకు దగ్గర్లోనే ఏడుపాయల. మంజీరా ఇక్కడ ఏడు పాయలుగా చీలుతుంది, నడుమ వనదుర్గ గుడి. మహాశివరాత్రి జాతరకు లక్షల మంది వస్తారు, ఆ వారం సైకిళ్లకు చోటుండదు. వరద ఎక్కువైతే గుడే నీళ్లలో ఉంటుంది, అప్పుడు అటు పోకండి.

నీళ్లు వదిలిన రోజుల్లో వెళ్తేనే ఈ దారి దారి. ఎండిపోయిన కాలువ పక్కన తొక్కితే సగం సుఖం పోతుంది. నీళ్లు వారబందీ పద్ధతిలో వంతులవారీగా వదులుతారు కనుక ముందు కనుక్కోవాలి. ఒకటి గుర్తుంచుకోండి: కాలువ లోపలి అంచు నున్నగా జారుతుంది. సిమెంటు వేసిన చోట పడితే పైకి పట్టు దొరకదు. పిల్లలతో వెళ్తే గట్టు బయటి అంచున వాళ్లు, నీటి వైపు మీరు. స్నానానికి దిగడం వద్దు.

హైదరాబాద్ నుంచి మెదక్ వంద కిలోమీటర్ల దరిదాపు. అంత దూరం తొక్కి మళ్లీ గట్టు మీద తొక్కడం అందరికీ కుదరదు. కారు వెనక సైకిల్ పెట్టుకుని పోవడం మేలు. 2022లో మెదక్ ఊరికి రైలు కూడా వచ్చింది. సైకిల్‌ను లగేజీగా బుక్ చేసుకోవడం, ఆ రైలు వేళలు ముందు రోజే స్టేషన్‌లో అడిగి తెలుసుకోండి. రాత్రి మెదక్‌లో ఆగి, సాయంత్రం ఒక కాలువ, పొద్దున రెండోది తొక్కితే మంచి రెండు రోజులు.

ఇంకా ఎగువకు పోతే సంగారెడ్డి దగ్గర మంజీరా అభయారణ్యం ఉంది, మొసళ్లు ఉన్న చోటు. అక్కడ ఒడ్డు వెంట తొక్కే ఆలోచన పెట్టుకోకండి. ప్రవేశం అటవీ శాఖ చెప్పినట్టే.

## అనంతగిరి

మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. అడవి నీడ, ఎర్ర లాటరైటు నేల, వానాకాలంలో పొగమంచు. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లకు, కొండ ఎక్కి చూడాలనుకునేవాళ్లకు ఇంతకన్నా దగ్గర్లో మంచి చోటు లేదు. సికింద్రాబాద్–వాడి లైను మీద వికారాబాద్ స్టేషన్ ఉండటం పెద్ద ధైర్యం. అలసిపోతే రైలెక్కొచ్చు. కానీ చదును దారి, నీటి పక్కన సుఖం కోరుకునేవాళ్లకు ఇది కాదు. చేవెళ్ల మీదుగా తొక్కుతూ పోవాలనుకోకండి. ఆ మర్రిచెట్ల నీడ ఎంత అందమైనా అది రద్దీ జాతీయ రహదారి.

## కోనసీమ కాలువలు

మూడు రోజులు దొరికితే ఇది చేయండి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని నుంచి డెల్టా అంతటా పాకిన కాలువల్లో ఒకప్పుడు సరుకు పడవలు నడిచాయి, గాలి లేనప్పుడు గట్టు మీద నుంచి మనుషులే తాడుతో లాగేవాళ్లు. అంటే అమెరికా కాలువ బాటలకూ వీటికీ పుట్టుక ఒకటే. ఇప్పుడు ప్రధాన కాలువ గట్లు చాలావరకు తారు, పిల్ల కాలువలవి మట్టి. కొబ్బరి నీడ రోజంతా ఉంటుంది. కోటిపల్లి దగ్గర గోదావరి గౌతమి పాయ దాటడానికి పంటు (మనుషుల్నీ బండ్లనీ దాటించే పడవ) మీద సైకిల్ ఎక్కించుకుని ముక్తేశ్వరం వైపు దిగొచ్చు. ఆ పది నిమిషాల కోసమైనా వెళ్లాలి.

రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారి కాకినాడ. మధ్యాహ్నం సముద్రం గాలి ఎదురైతే చదును దారి కూడా కొండలా అనిపిస్తుంది కనుక పొద్దున సముద్రం వైపు, మధ్యాహ్నం లోపలికి వచ్చేలా దారి గీసుకోండి. సంక్రాంతి వారం గదులు దొరకవు.

## అమెరికా, బ్రిటన్ వెళ్లేవాళ్లకు

మనలో చాలామందికి పిల్లలో తోబుట్టువులో అక్కడున్నారు. వెళ్లినప్పుడు రెండు రోజులు దీనికి తీసిపెట్టుకోండి. మా చెల్లెలు వర్జీనియాలో ఆష్‌బర్న్‌లో ఉంటుంది. వాళ్ల ఇంటికి నడిచే దూరంలో డబ్ల్యూ అండ్ ఓడీ ట్రెయిల్. 45 మైళ్ల పాత రైలు మార్గం, పైన తారు. వర్జీనియాలోనే ఉన్న వియన్నా అనే ఊరి నుంచి పర్సెల్‌విల్ వైపు దాని పక్కనే గుర్రాల కోసం వదిలిన మొరం బాట సాగుతుంది. నేనూ మా మేనల్లుడూ ఒకే దారిలో, వాడు తారు మీద, నేను మొరం మీద, మాట్లాడుకుంటూ తొక్కాం. మా అమ్మ పక్కన నడిచింది. కుటుంబమంతా కలిసి రావాలంటే ఇదే.

గంట కారు దూరంలో సీ అండ్ ఓ కాలువ బాట. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ నుంచి కంబర్లాండ్ దాకా 184.5 మైళ్లు, 74 లాకులు (పడవను నీటితో పైకెత్తే, దించే తలుపుల మడుగులు), మొత్తం ఎక్కేది 605 అడుగులే. కంచర గాడిదలు పడవలు లాగిన దారి అది. వాన పడితే బంక మట్టి అవుతుంది, మన రేగడి అనుభవం అక్కడ పనికొస్తుంది. కంబర్లాండ్‌లో దానికి అతుక్కుని గ్రేట్ అలెగెనీ ప్యాసేజ్, పిట్స్‌బర్గ్ దాకా ఇంకో 150 మైళ్ల రైలు బాట. నలిపిన సున్నపురాయి పొడి పరిచారు, నేల హాయి. కంబర్లాండ్ నుంచి మొదలుపెడితే తొలి రోజే ఎక్కువ ఎక్కాలి. పిట్స్‌బర్గ్ నుంచి వస్తే ఆ ఎత్తు తెలియకుండా పంచుకుంటుంది, నేనైతే అటునుంచే రమ్మంటాను. బిగ్ సావేజ్ సొరంగాన్ని చలికాలంలో మూసేస్తారు.

నది, రైలు బాట రెండూ ఒకేచోట కావాలంటే మిస్సోరీలో కేటీ ట్రెయిల్. దాదాపు 240 మైళ్లు, చాలా దూరం మిస్సోరీ నది పక్కనే. సెయింట్ లూయిస్‌లో బంధువులుంటే ఇది దగ్గర. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్–బాత్ దారి 13 మైళ్లు, ఒక్క మధ్యాహ్నం చాలు, కానీ పైన తారు.

అక్కడి గ్రావెల్ జల్లెడ పట్టినట్టు ఒకే సైజు పొడి. అక్కడ 35 మిల్లీమీటర్ల టైరు చాలు. దాన్ని చూసి వచ్చి ఇక్కడ అదే టైరు వేసుకుంటే మొరం గులకరాళ్లు నేర్పించే పాఠం వేరుగా ఉంటుంది.

## ఒక చూపులో

| దారి | నేల | ఎక్కుళ్లు | నీడ | ఆగిపోతే | మంచి కాలం |
|---|---|---|---|---|---|
| జంట జలాశయాల వెనక | చెల్క, కొంత రేగడి | చిన్నవి | తక్కువ | ఊళ్లు దగ్గర | అక్టోబరు–ఫిబ్రవరి |
| మూసీ దిగువ | మట్టి, సిమెంటు ముక్కలు | చాలా తక్కువ | అక్కడక్కడా | బస్సు | నవంబరు–జనవరి |
| మంజీరా కాలువలు | మొరం, మట్టి | దాదాపు లేవు | మధ్యస్థం | మెదక్ బస్సు, రైలు | నీళ్లు వదిలినప్పుడు, చలికాలం |
| అనంతగిరి | లాటరైటు | గట్టివి | అడవి | వికారాబాద్ రైలు | సెప్టెంబరు–జనవరి |
| కోనసీమ | తారు, మెత్తని మట్టి | లేవు | రోజంతా | ఊరు వెంట ఊరు | నవంబరు–ఫిబ్రవరి |
| అమెరికా రైలు బాటలు | సున్నపురాయి పొడి, తారు | తెలియనంత | చాలావరకు | పట్నాలు దూరం | మే–అక్టోబరు |

నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ ఈ పట్టికలో లేదు. అక్కడ మొరం లేదు. కానీ పదేళ్ల తర్వాత మళ్లీ సైకిలెక్కుతున్నవాళ్లు మొదటి నెల అక్కడే తొక్కాలి. ఎండా వానా తగలవు, కార్లు రావు.

## సైకిల్ మార్చాలా, టైరు మార్చాలా

ముందు టైరు. మీ దగ్గర హైబ్రిడ్ (రోడ్ బైకుకూ మౌంటెన్ బైకుకూ మధ్యరకం) ఉంటే కొత్త గ్రావెల్ బైకు కోసం తొందరపడకండి. ఫ్రేములో చోటు చూసి 38 నుంచి 42 మిల్లీమీటర్ల గళ్ల టైరు వేయించండి. జంట జలాశయాలూ మంజీరా రెండూ దానితో హాయిగా అవుతాయి. 28 మిల్లీమీటర్ల రోడ్ బైకుతో కోనసీమ తప్ప ఇంకేదీ వద్దు. ఎంటీబీ (మౌంటెన్ బైకు) ఉన్నవాళ్లకు అనంతగిరి సుఖం, కానీ మెదక్ గట్టు మీద యాభై కిలోమీటర్లు బరువుగా లాగుతుంది. గ్రావెల్ బైకు నిజంగా ఎవరికంటే, ఇంటి నుంచి ముప్పై కిలోమీటర్లు తారు మీద పోయి, ముప్పై మట్టి తొక్కి, మళ్లీ తారు మీద ఇంటికి వచ్చేవాళ్లకు.

గాలి విషయంలో మన షాపుల్లో రాయిలా బిగిస్తారు. డెబ్భై కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల టైరులో 40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టి, అరచేతులకు అదురు తగ్గేలా కొద్దికొద్దిగా సరిచేసుకోండి. అసలు శత్రువులు ముళ్లు. దారి పక్కన సర్కారు తుమ్మ కంప కొట్టి వేస్తారు, ఎండాక చెల్కలంతటా పల్లేరు కాయలు. వారానికొకసారి పంక్చరవుతుంటే ట్యూబ్‌లెస్‌కు మారడం దండగ కాదు. మన వేడికి లోపల పోసే, చిల్లులు పూడ్చే సీలెంటు తొందరగా ఎండిపోతుంది కనుక రెండు మూడు నెలలకోసారి విప్పి చూడాలి.

## ఎవరికి ఏది

ఆదివారం మూడు గంటలే దొరికేవాళ్లకు జంట జలాశయాలు, వేరే ఆలోచన వద్దు. యాభై దాటి మోకాళ్లు పట్టుకుంటున్నవాళ్లకు మంజీరా గట్టు. నా వయసు మిత్రులు ఇద్దరు ఎక్కుళ్లకు భయపడి సైకిలే మానేశారు, కాలువ గట్టు మీద మళ్లీ మొదలుపెట్టారు. ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురుగా వెళ్లాలంటే ఊళ్లు దగ్గరగా ఉన్న కోనసీమ, ఆ తర్వాత జంట జలాశయాలు. మా బృందంలో ఉన్న ఆవిడ అనంతగిరి అడవి దారికి ఐదుగురి కన్నా తక్కువ ఉంటే రానంటుంది, నాకూ అది సబబే అనిపిస్తుంది. నగరం గురించి ఆలోచించేవాళ్లు ఒక్కసారైనా మూసీ దిగువకు రండి. దూరపు రైడ్లకు తయారవుతున్నవాళ్లకు అనంతగిరి నెలకు రెండుసార్లు.

ఏ దారైనా రెండు మర్యాదలు. నవంబరులోనూ, ఏప్రిల్, మే నెలల్లోనూ రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. వాటి మీద నుంచి చక్రం పోనివ్వకండి, దిగి పక్క నుంచి నడవండి. గట్టు మీదో, చేను దారిలోనో మనిషి కనిపిస్తే ముందు నమస్తే పెట్టి, "ఈ దారి ఎక్కడిదాక పోతదే అన్నా?" అని అడగండి. కాలువల మీదైతే వెతకాల్సింది కాలువ నీటిని చూసుకునే లస్కరును. తూముల దగ్గర కనిపిస్తాడు. నీళ్లు ఎప్పుడు వదులుతారో, గట్టు ఎక్కడ తెగిందో, ఏ ఊరి కుక్కలు మంచివి కావో మ్యాప్‌లో ఉండదు, ఆయనకు తెలుసు. చాయ్ తాగుతూ పది నిమిషాలు ఆయనతో కూర్చుని, ఆ తర్వాతే పెడల్ మీద కాలు పెట్టండి.